ఇతరములు

తార్నాకలో మా ఆఫీసు, మూడో అంతస్తు.
మార్చి ముప్పై ఒకటికి ఖాళీ చెయ్యాలి.
ఏసీలు ముందే దింపేశారు,
గోడమీద వాటి జాగాలు తెల్లగా మిగిలాయి.

నా ఉద్యోగం పేరు జ్ఞాన నిర్వహణ.
"అంటే జ్ఞానం పారిపోకుండా కాపలానా?"
అని అడిగింది మా ఆడపడుచు, పెళ్ళైన కొత్తలో.
నవ్వాను గానీ
అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ప్రాజెక్టు ముగిసినప్పుడల్లా ఒక పుస్తకం.
నున్నటి కాయితం, అట్టమీద నీళ్ళు తాగే పిల్ల,
చివరి అధ్యాయం "నేర్చుకున్న పాఠాలు".
ఇవాళ మూడిట్నీ పక్కపక్కన పరిచాను.
తొంభై తొమ్మిది. రెండువేల ఏడు. పదహారు.
మూడింట్లోనూ నాలుగో పాఠం ఒకటే:
ఫిల్టరు ఇచ్చేముందు
నీళ్ళ రుచి గురించి ఆడవాళ్ళని అడగాలి.
పదహారులో రాసింది నేనే.
ముందరి రెండూ తెరిచి చూడకుండా
ఎంత కొత్తగా కనిపెట్టాననుకున్నానో!
హేగ్ నుంచి వచ్చిన హెన్రికా చప్పట్లు కూడా కొట్టింది.

అలమర అడుగున, చెదలు వదిలేసిన మూల
జీపు లాగ్ బుక్కులు, పదకొండు.
డ్రైవర్ జహంగీర్ చేతిరాత.
తేదీ, మీటరు, డీజిలు,
చివర్న బొటనవేలంత గడి, రిమార్కులు.
పంక్చరైతే పంక్చరని రాయాల్సిన చోట
ఆయన రాశాడు:

"మర్రిగడ్డ. నీళ్ళు పుల్లగున్నయంట.
నీలం బకెట్లల్ల జొన్నలు పోసుకున్నరు."

"కొండ్రాల. సార్లొస్తున్నరని ముందుగాల కబురువెట్టినం.
జొన్నలు తీసి నీళ్ళు నింపిండ్రు. ఫొటోలైనయ్."

"మర్రిగడ్డ మళ్ళ. ఇప్పుడు తెల్ల బకెట్లు. గవే జొన్నలు.
ఎల్లవ్వ మోకాళ్ళు ఇంక వంగినయ్.
మీటింగుల కిందనే కూసోబెట్టిండ్రు."

"నూటనలభై రెండు కిలోమీటర్లు.
వాపసొచ్చేటప్పుడు ఎవ్వలూ ఏం మాట్లాడలే."

పద్ధెనిమిదేళ్ళు ఆ వెనక సీట్లో
ఎవరెవరో కూచున్నారు, చివరి నాలుగేళ్ళూ నేను.
మేం బడి లోపల చార్టులు అతికిస్తుంటే
ఆయన బయట ఎవరి దగ్గరో బీడీ అడుక్కుని
ఊరంతా విని వచ్చేవాడు.
ఏం విన్నావని అడగలేదు.
ఎల్బీనగర్ సిగ్నల్ దగ్గర
"ఏసీ కొంచెం పెంచు భాయ్" అన్నది మాత్రం గుర్తుంది.

స్కాన్ చేసి ఎక్కిద్దామని కూచున్నా.
రచయిత ఎవరు? కన్సల్టెంటు, అధికారి, భాగస్వామి సంస్థ.
డ్రైవరు లేడు.
పత్రం ఏ రకం? నివేదిక, అధ్యయనం, విజయగాథ.
బకెట్లో జొన్నలు ఏ రకం?
"ఇతరములు" నొక్కాను.
ఫైలు బరువెక్కువని వెనక్కి కొట్టింది.

కింద పాత కాయితాలాయన త్రాసు దించాడు.
లాగ్ బుక్కులకి కిలో పద్నాలుగు,
నున్నటి పుస్తకాలకి తొమ్మిదే,
ఆ కాయితం పొట్లానికీ పనికిరాదట.
బేరం మధ్యలో ఆపి
పదకొండిట్నీ చున్నీలో మూటగట్టాను.
ఎక్కడ పెడతానో తెలీదు.
మా ఇంట్లో కూడా అలమర ఒకటే.

సాయంత్రం మెయిలొచ్చింది.
కొత్త దాత, కొత్త దేశం, అవే మండలాలు.
ఫ్లోరైడు ఫిల్టర్లు, ఎనిమిదివేల ఇళ్ళు.
"మీ అనుభవంతో చెప్పండి,
ఎక్కడ మొదలుపెడదాం?"

గోల్నాకకి ఫోన్ చేశాను.
అటు కుక్కర్ విజిలు, ఎవరో పసిపిల్ల ఏడుపు,
నా మాటలన్నీ విని
కాసేపు ఏమీ అనలేదు జహంగీర్ భాయ్.
"బకెట్లేనా మేడమ్?
ఈసారి ఏం రంగు?"

చూసి చెబుతానన్నాను.
అటాచ్‌మెంటు తెరుచుకుంటోంది, తెరుచుకుంటోంది.
లైన్లోనే ఉండమన్నాను.
ఉంటాడు.
మాకోసం ఆగడం ఆయనకి అలవాటే.